నిమిషాల సందులో

మళ్లీ కుండ అడుగంటింది.

నల్లమ్మ చెయ్యి పెట్టి చూసింది. వేళ్లకు తడి కూడా అంటలేదు.

వేరుశనగ ఎటూ పోయింది. మిగిలినవి ఈ చీనీ బత్తాయి మొక్కలే. ఒక్కో మొక్క పక్కన ఒక్కో కుండ మెడదాకా పూడ్చింది. ట్యాంకరు నీళ్లు పోసి, వానలు పడేదాకా వాటిని బతికించుకోవాలని ఆమె తపన.

"ఎవడో నీళ్లు ఎత్తుకపోతాండాడే గౌతమీ," అంది తమ్ముడి కూతురితో.

గౌతమి బండి మీద పోయేటప్పుడు హెల్మెట్‌కు తగిలించుకునే చిన్న కెమెరా తెచ్చి, కంచె గుంజకు కట్టింది.

"ఐదు నిమిషాలకొక ఫోటో తీస్తాదత్తా. అన్నీ కలిపి వీడియో చేస్తాది. పొద్దంతా జరిగింది చిటికెలో చూడొచ్చు."

సాయంత్రం ఇద్దరూ ఫోన్ మీదికి వంగారు.

నీడలు గబగబా జరిగిపోయాయి. ఒక ఫోటోలో ఎవరో ముసలాయన కుండ దగ్గర కూర్చున్నాడు, వీపు ఇటు పెట్టి. పక్కన బిందె. తర్వాతి ఫోటోలో ఎవరూ లేరు.

"చిక్కినాడు ముండాకొడుకు!"

"మొగం పడలేదత్తా. రేపు అర నిమిషానికొకటి తీసేటట్టు పెడతా."

నల్లమ్మ అంతదాకా ఆగలేదు. మరుసటి రోజు పొద్దెక్కగానే కట్టె పట్టుకుని చేనికి పోయింది.

ముసలాయన కుండ దగ్గరే ఉన్నాడు. రోడ్డు అవతల పశువుల తొట్టి దగ్గర ఆయన గొర్రెలు.

"ఏమప్పా, ఈ వయసులో దొంగబుద్ధులా?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "అమ్మా, నేను తీయల్యా..."

"తీయకుంటే బిందెలో సగం నీళ్లు యాడివి? మీ అత్తగారు పంపించినారా?"

కట్టె పైకి లేచింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆమె బిందె లాక్కుని, నీళ్లన్నీ కుండలో గుమ్మరించింది.

ముసలాయన కుండలోకి తొంగి చూశాడు.

"పోసినావు కదమ్మా. సరేలే."

ఖాళీ బిందె చంకన పెట్టుకుని, గొర్రెల్ని తోలుకుని పెనుకొండ దోవ పట్టాడు. ఆయనది ఏ ఊరో ఎవరూ అడగలేదు.

దొంగ చిక్కాడు కదా అని ఆ రోజు వీడియో కూడా ఎవరూ చూడలేదు.

కానీ కుండలు మునుపటికంటే తొందరగా ఎండసాగాయి. ఎండకు నేలే నీళ్లు తాగేస్తోంది. చీనీ ఆకులు ముడుచుకుని, ఒకటొకటే రాలుతున్నాయి.

"ఇంకో దొంగ కూడా ఉండాడేమో! వాణ్ని తరిమిన పొద్దు వీడియో పెట్టు," అంది నల్లమ్మ.

గౌతమి పెట్టింది.

చూస్తూ చూస్తూ నల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇది ఉల్టా నడుస్తాందేమోనే. సరిగ్గా పెట్టు."

"సరిగ్గానే నడుస్తాందత్తా."

తెర మీద ముసలాయన రోడ్డు పక్క తొట్టి నుంచి నిండు బిందెతో వస్తున్నాడు, ఎండిన కుండలో వంచుతున్నాడు, ఖాళీ బిందెతో పోయి మళ్లీ నింపుకొస్తున్నాడు.