ముందొచ్చిన ఆమెన్

"ఏటిరా ఇది బెన్హర్? నేనింకా ప్రార్థన సేస్తుండగానే జనం ఆమెన్ అనేస్తన్నారు! సౌండు ముందుకి జరిగిపోనాది, ఎనక్కి లాగు."

రాజాం స్టూడియోలో, చర్చి వార్షికోత్సవం వీడియో చూస్తూ పాస్టరు కృపారావు మండిపడ్డారు.

ఎడిటర్ బెన్హర్ మౌసు కదిపి, ముందు వరసని తెర నిండా పెద్దది చేశాడు.

"సౌండు సరిగ్గానే ఉన్నాది అయ్యగారూ. అమ్మగారి పెదాలు సూడండి."

తెర మీద పాస్టరుగారి భార్య సత్యవతి ఒక కన్ను తెరిచి, గడియారం చూసుకుని, గట్టిగా "ఆమెన్" అన్నారు. మాటా పెదవీ కలిసే ఉన్నాయి. ఆవిడ వెనకే జనమంతా అందుకున్నారు.

పాస్టరుగారు మూడుసార్లు వేయించుకుని చూశారు.

"ఆ తరవాత నా ప్రార్థన ఇంకెంత ఉన్నాదిరా?"

"ఇరవై నిమిషాలండి."

"ఆమెన్‌ని ముట్టుకోకు. ఆ ఇరవై నిమిషాలూ కోసెయ్."