టీవీలో గీతలు

ఉష టీవీ పక్కభాగం మీద ఫట్‌మని ఒక్కటి చరిచింది. గీతలు పోలేదు.

“కొట్టకు వదినా,” అంది వినీల సోఫాలోంచి. ఆ గొంతులో కోపం లేదు, కంగారు లేదు. పక్కవాటాలో కుక్కర్ కూసిందని చెప్పినట్టు చెప్పింది.

“కొట్టక ముద్దు పెట్టుకోమంటావా? తెరనిండా అడ్డగీతలు! మా చిన్నప్పటి డబ్బా టీవీ అయితే రెండు తగిలిస్తే చచ్చినట్టు దారికొచ్చేది.”

చచ్చినట్టు అన్నాక ఉష నాలుక్కరుచుకుంది. తమ్ముడు జానకిరామ్ పెద్దకర్మ అయి వారం కూడా కాలేదు. పెరుగు పాకెట్ కోసం కింద కొట్టుకని బయల్దేరి, రోడ్డు దాటుతూ వ్యాన్ కింద పడ్డాడు. తోడబుట్టినవాడు పోతే ఉష గొంతు పోయేదాకా ఏడ్చింది. కట్టుకున్న వినీల కంట మాత్రం చుక్క నీరు లేదు. పెడితే తింటుంది, పెట్టకపోతే లేదు. ఎప్పుడు చూసినా ఆ టీవీ ముందే. “ఏడవకపోతే ఈ పిల్ల మనకి దక్కదే ఉషా” అని పద్మావతమ్మ పిన్ని వెళ్తూ వెళ్తూ చెప్పిన మాట ఉష గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. తమ్ముడు ఎటూ పోయాడు, ఈ పిల్లనైనా నిలుపుకోవాలి.

నిన్న కరెంటు పోతే ఇన్వర్టర్ ఎక్కువసేపు ఆగదని ఫ్యాన్ కట్టేసింది మహాతల్లి. టీవీ మాత్రం కట్టలేదు. బెజవాడ ఎండల్లో ఫ్యాన్ కట్టేసుకునేవాళ్ళుంటారా ఎక్కడైనా! అంతగా చూసే టీవీని బాగుచేయిద్దామని ఉష తెల్లారగానే గవర్నర్‌పేటలో టీవీల షాపున్న అష్ఫాక్‌కి ఫోన్ కొట్టింది. జానకిరామ్‌కి చిన్ననాటి దోస్తు.

అష్ఫాక్ వచ్చి టీవీ చూసి, ఉష ఎత్తిన చెయ్యి చూసి లబోదిబోమన్నాడు.

“అయ్యో ఉషక్కా, కొట్టకండి! పగిలి ఊరుకుంటుంది. ఇది పాడవలేదు. ఆ గీతలు రాముగాడే నాచేత పెట్టించుకున్నాడు.”

“పెట్టించుకున్నాడా?”

“పాత వీడియో ఆటలు కదా అక్కా. కొత్త టీవీలో మరీ కడిగిన ముత్యంలా కనబడుతున్నాయి, చిన్నప్పటి ఆటలా లేదు అని నా ప్రాణం తోడేశాడు. గీతలు పెడితే అచ్చం డబ్బా టీవీలా ఉంటుంది.”

“కొత్త చీర కొని మాసిక వేయించుకున్నట్టుంది వీడి సంబడం,” అంది ఉష. నవ్వబోయి ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, “తీసెయ్ అష్ఫాక్. ఈ పిల్ల కళ్ళు పోతాయి,” అంది.

“ఉంచండన్నయ్యా,” అంది వినీల.

అష్ఫాక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెరమీద ఎర్రచొక్కా బుడ్డోడొకడు గోడ అంచున ఒంటికాలు లేపి కదలకుండా ఉన్నాడు.

“అదేంటి చెల్లెమ్మా, పాజ్‌లో పెట్టి చూస్తూ కూర్చున్నారు? ఆడండి! కాస్త మనసు మళ్ళుతుంది.”

“నా వంతు రాలేదు,” అంది వినీల. ఆట రిమోట్ ఒకటి ఆమె ఒళ్ళో ఉంది.

అష్ఫాక్ ఉషవైపు తిరిగి నవ్వాడు. “ఈ ఆటలో అదే తంటా అక్కా. మొదటివాడు ఔటైతేగానీ రెండోవాళ్ళకి వంతు రాదు. చిన్నప్పుడు రాముగాడు ఔటయ్యేవాడు కాదు, నేను పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాణ్ణి.”

ఉషకి ప్రాణం లేచొచ్చింది. ఓసి పిచ్చిదానా, ఇంతేనా! జతకి మనిషి లేక దిగాలుపడి కూర్చుందన్నమాట. సోఫాలో రెండోవైపు తమ్ముడి తువ్వాలు పరిచి ఉంది, దానిమీద ఇంకో రిమోట్. అటువైపు వినీల ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఉష తువ్వాలు ఇంత జరిపి కూర్చుని రిమోట్ అందుకుంది.

“నేనాడతా నీతో. ఏది నొక్కాలి అష్ఫాక్?”

“మధ్యలోది నొక్కండి, కదులుతాడు. కుడిచేతిది ఎగరడానికి. జాగ్రత్తక్కా, ఒక్క ప్రాణమే మిగిలింది!”

“వద్దు,” అంది వినీల. మెల్లిగా అంది. ఉష వినిపించుకునేసరికే నొక్కేసింది.

బుడ్డోడు కాలు దించి పరుగెత్తాడు. “అమ్మో, ఆగడేంట్రా వీడు!” అని కేకపెట్టింది ఉష. “ఎగరాలి, ఎగరాలి!” అన్నాడు అష్ఫాక్. ఎగరాల్సింది ఏ మీటో వెతుక్కునేలోపు బుడ్డోడు గోతిలోకి జారిపోయాడు. టుయ్‌మని చిన్న పాట వచ్చింది. తెర నల్లబడి, గీతల మధ్య తెల్లటి అక్షరాలు వెలిగాయి. ప్లేయర్ టూ.

ఉష పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది పాపం. “చంపేశాను! పోనీలే, నీ వంతు వచ్చిందిగా. ఆడమ్మా!”

వినీల ఒళ్ళోని రిమోట్ వంక చూసుకుంది. దాన్ని తీసి తువ్వాలు మీద పెట్టింది. కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు రాలాయి.

“పెరుగు తెచ్చి ఆడతాను, ఎవర్నీ ముట్టుకోనివ్వకు అని ఆపి వెళ్ళారు వదినా,” అంది. “ఇప్పుడు పోయారు.”