జోజయ్య మేస్త్రి చేసిన పెట్టె

1957 ఎండాకాలంలో రెంటచింతల వడ్రంగులు జోజయ్య మేస్త్రిని సమాధి చేశారు. వాళ్లలో సగం మందికి ఉలి పట్టడం నేర్పింది ఆయనే. ఆ రోజంతా ఎవరూ పనిముట్టు ముట్టలేదు.

చీకటి పడ్డాక శిష్యుడు బాలశౌరి మేస్త్రి కొట్టానికి తాళం వేయడానికి వెళ్లాడు. లోపల ఎవరో చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవుర్రా అక్కడ?"

చప్పుడు ఆగిపోయింది.

లాంతరు ఎత్తి చూస్తే లోపల ఎవరూ లేరు. బల్ల మీద మాత్రం కొత్త శవపెట్టె ఉంది. పొడవు మూడడుగులకు మించదు. దాని మూలలు ఒక్క మేకు కూడా లేకుండా అతికి ఉన్నాయి. అలా అతకడం మేస్త్రికి తప్ప ఆ ఊళ్లో ఎవరికీ చేతకాదు. పసిబిడ్డల పెట్టెలు ఆయన ఎవరికీ అప్పగించకుండా, కళ్లు తుడుచుకుంటూ తానే చేసేవాడు.

ఇంట్లో నాలుగు రోజులుగా జ్వరంతో మూలుగుతున్న కూతురు బాలశౌరికి గుర్తొచ్చింది. లాంతరు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

"నా బిడ్డ వద్దు మేస్త్రీ, మీ కాళ్లు పట్టుకుంటా" అని దారంతా ఏడుస్తూనే ఉన్నాడు.

గుమ్మంలో భార్య ఆరోగ్యమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏందయ్యా ఆ పరుగు? పిల్లకి జొరం దిగింది. ఒళ్లంతా చల్లబడింది. చానా సేపట్నించి కదలకుండా నిద్రపోతంది."

బాలశౌరి గడప దాటలేకపోయాడు.