తెర చదరంగం

"ఆ ఎత్తు కుదరదు," హాల్లో ఫోను పక్క నుంచి కేకేసింది హెడ్విగ్.

"కుదరదా? అయితే మంత్రిని రెండు గళ్ళు ముందుకు జరుపుతున్నా," గదిలోంచి బదులిచ్చాడు ఆల్బ్రెక్ట్.

తన ముందున్న చదరంగం బల్ల చూసి ఆమె నోరు వెళ్ళబెట్టింది. అక్కడ పెడితే మంత్రి ఉత్తపుణ్యానికి పోతుంది.

"ఇంకోసారి ఆలోచించుకోరాదూ?"

"మధ్యవర్తి అలా అనకూడదు. బావకు చెప్పు."

హెడ్విగ్ ఫోనులో చెప్పింది. "అలాగా అన్నయ్యా... దగ్గు తగ్గిందా?" అని కూడా అడిగింది. అవతల ఎవరూ లేరు.

తెర చదరంగంలో ఎవరి పావులు వాళ్ళకే కనిపిస్తాయి. రెండు వైపులా చూసేది మధ్యవర్తి ఒక్కరే. బాన్‌లో ఆల్బ్రెక్ట్, ల్యూబెక్‌లో ఆమె అన్న యోస్ట్, మధ్యలో ఫోను పట్టుకుని తను. ముప్ఫయ్యేళ్ళుగా ఆదివారం కాఫీ వేళకు ఇదే వరస. అవతలివాడికి ఏం తెలుసో తెలియకుండా ఆడే ఆటలకు సూత్రాలు కట్టినవాడిగా ఆల్బ్రెక్ట్‌కు లోకమంతా పేరుంది. ఆ సూత్రాలన్నీ ఈ ఆటలోంచే పుట్టాయి.

మార్చిలో యోస్ట్ పోయాడు. అప్పుడు ఆల్బ్రెక్ట్ గుండె ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నాడు. చెడు కబురేదీ చెవిన పడకూడదన్నారు డాక్టర్లు. హెడ్విగ్ ఒక్కతే వెళ్ళి, అన్న మీద గుప్పెడు మట్టి వేసి తిరిగొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే "బావకు ఫోను చెయ్యి" అన్నాడాయన. ఏం చెబుతుంది పాపం! ఫోను ఎత్తింది. అప్పటినుంచి అన్న ఎత్తులు తనే వేస్తోంది, పరామర్శ ఉత్తరాలు ఆయన కంటపడకుండా పోస్టు డబ్బా తాళం కూడా తన దగ్గరే పెట్టుకుంది.

మొదట్లో ఆయన చిటికెలో గెలిచేవాడు. మే నెలలో ఒకరోజు తన పరిశోధన సంస్థకు వెళ్ళి, అక్కడ పేరుకుపోయిన ఉత్తరాలు తెచ్చుకున్నాడు. ఆ అలసటేమో, ఆ ఆదివారం నుంచి ఓటమి మొదలైంది. ఆట నియమాలు తప్ప ఎత్తుగడలు తెలియని తన చేతిలో అంతటివాడు వారం వారం ఓడిపోవడమేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

"మంత్రి పోయింది," అంది ఇప్పుడు.

"భేష్! బావ సంతోషించాడా?"

"ఆఁ, చాలా."

"నువ్వో?"

"నేనెందుకు సంతోషిస్తాను?"

ఆయన గుమ్మం దాకా వచ్చి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "ఫోనులో గొంతు బాగా వినిపిస్తోందా, హెడ్విగ్?" అన్నాడు మెల్లగా.

ఇదేం ప్రశ్న! ఒక్క ఆటేనా? ఆమె పొయ్యి ఆర్పి వచ్చాక ఆయన వెళ్ళి మళ్ళీ చూస్తున్నాడు. రొట్టెల కొట్టుకు కూడా ఒంటరిగా పోనివ్వకుండా వెంటబడుతున్నాడు. మొన్న ఆమె కోటు జేబులో ఒక చీటీ దొరికింది. ఇంటి చిరునామా, ఫోను నంబరు, అన్నీ ఆయన చేతిరాతే. దారి తప్పుతానేమోనన్న భయంతో రాసుకుని, ఎవరి కోటో కూడా తెలియక ఇందులో పెట్టాడన్న మాట. ఆ చీటీ పట్టుకుని వంటగదిలో కూర్చుని ఏడ్చింది. గుండె బాగుపడింది, బుర్ర పోతోంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కళ్ళముందే చేజారిపోతుంటే ఎలా ఆపాలో తెలియలేదు.

ప్లమ్ పళ్ళ కేకు ముక్క ఆయన ముందు పెట్టి ధైర్యం కూడగట్టుకుంది.

"ఆల్బ్రెక్ట్, కోపం తెచ్చుకోనంటే ఒక మాట. ఒకసారి మతిమరుపు డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

గొడవ పడతాడనుకుంది. ఆయన కేకు పక్కన పెట్టి, ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నీ అంతట నువ్వే అన్నావు, అదే చాలు. ఎలా అడగాలా అని మూడు నెలలుగా సతమతమవుతున్నా."

"భయంగా ఉందా?"

"చాలా. నీకు?"

"నాకూనూ."

"ఇద్దరం కలిసే వెళ్దాం. డాక్టరుతో నేను మాట్లాడతాలే."

ఎంత మంచివాడు, తన జబ్బు తనకే తెలిసిపోయింది అనుకుందామె.

శుక్రవారం డాక్టర్ టిల్‌మన్ గదిలో ఆయన కుర్చీ తను సర్ది, కోటు గుండీలు విప్పి కూర్చోబెట్టింది. ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, ఆల్బ్రెక్ట్‌ను దాటి హెడ్విగ్ వైపు తిరిగి మృదువుగా నవ్వింది.

"చెప్పండి హెడ్విగ్ గారూ, పోయిన మీ అన్నయ్య ఇంకా మీతో ఫోనులో మాట్లాడుతున్నాడా?"