తాడు కాడ బామ్మర్ది

తాడు ఇరికింది.

హనుమంతు గుంజి చూసిండు. రాలే. వదిలి చూసిండు. జారలే. కాలు ఆనిచ్చేందుకు వేసిన ముడి ఒకటి పైన అంచు దగ్గరి చీలికల పడి బిగుసుకున్నది.

నిలబడ్డది జానెడు రాతి అరుగు మీద. దాని కింద మూడు తాటిచెట్ల లోతు.

తేనెపట్టు కోసుడు అయిపోయింది. డబ్బాను సన్నతాడుకు కట్టి పైకి పంపిండు కూడ. ఇగ తను ఎక్కుడే మిగిలింది. సరిగ్గ గప్పుడే గీ తిప్పలు.

అది డెబ్బై ఎనిమిది ఎండకాలం. ఇచ్చోడ అవతలి ఆ గుట్టలల్ల తేనె దించేటోళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. పైన తాడు కాడ కూసునేది బామ్మర్దే. అన్నదమ్ముడు పనికిరాడు, దోస్తు అసలే పనికిరాడు. అన్నదమ్మునికి భూమిల వాటా యాదికి రావొచ్చు. బామ్మర్ది మాత్రం తోడబుట్టినదాని బొట్టు తుడువడు. అందుకే బావ దిగే ముందు బామ్మర్ది ముడి మీద చెయ్యి పెట్టి ‘అక్క పుస్తెల మీద ఒట్టు’ అంటడు. ఆ మాట వింటేనే కిందికి పోయేటోడు కాలు దించుతడు.

ఇంకో మాట కూడ ఉంది. ఇరికిన తాడు ఎక్కొద్దు. రెండు గుంజులకు ఆగుతది, మనిషి బరువు పడి ఊగంగనే ఊడుతది. పట్టుకున్నది చెట్టో చీలికో కింది మనిషికి తెల్వది. పైనోడు చూసి చెప్పాలె.

“అంతయ్యా!”



హనుమంతుకు అరికాళ్లల్ల చెమట పట్టింది. అసలు బామ్మర్ది అంతయ్య వస్తడనే అనుకోలే. పదిహేను రోజుల కింద తను తాగొచ్చి పెండ్లాం ఐలవ్వను గొడ్డును బాదినట్టు బాదిండు. మగతనమంటే గదే అనుకున్నడేమో. ఆమె డొక్క పట్టుకుని, లక్సెట్టిపేట బస్సెక్కి తల్లిగారింటికి పోయింది. ఈయన మొఖం చెల్లక అడవి పట్టిండు. అప్పటిసంది గుట్ట మీది గుడిసెలనే ఉన్నడు.

తాడు కాడికి రమ్మని బామ్మర్దికి కబురైతే పంపిండు. వస్తే తంతడనుకున్నడు. నిన్న వచ్చిండు. తన్నలే, తిట్టలే. అన్నం తినుమంటే ఒద్దన్నడు.

“మీ అక్క ఎట్లున్నదిరా?”

“నొప్పులు తగ్గినయి.”

“నా మీద కోపం?”

“అదీ పోయింది బావా.”

పొద్దున నెత్తికి రుమాలు బిగించుకుని తాడంతా చేతులతో తడిమి చూసిండు అంతయ్య. ఇప్పచెట్టుకు రెండు చుట్లు చుట్టి, కొసను పాతిన గడ్డపారకు కట్టిండు. అంచుకు ఒరుసుకోకుండ కింద గోనెసంచి పరిచిండు. ఒట్టు పెట్టేటప్పుడు రుమాలు కండ్ల మీదికి గుంజుకున్నడు, అంతే.

ఇప్పుడేమో ఉలుకు లేదు, పలుకు లేదు.

“జర పైలం.”

చెవి కాడనే. ఐలవ్వ గొంతు. గుట్టకు పోయే ప్రతిసారి గడప కాడ నిలబడి ఆమె అనే మాట. హనుమంతు ఉలిక్కిపడి తల తిప్పిండు. రాయి, పొగ, ఇల్లు పోయి తిరుగుతున్న తేనెటీగలు. ఇంకేం లేదు. ఎందుకు కొట్టిననో అని మొదటిసారి ఏడుపొచ్చింది.

“ఓ అంతయ్యా! సచ్చినవారా?”

అంచు మీద రుమాలు కనపడ్డది. వెనుక ఎండ. మొఖం తెలుస్తలేదు.

“ఏంది బావా?”

“తాడు ఇరికిందిరా. చెట్టు కాడ ముడి చూడు.”

అంతయ్య వెనక్కి పోయిండు. గడ్డపార రాయికి తగిలిన సప్పుడు ఒకసారి వినపడ్డది. చాలసేపటికి మళ్ల వచ్చిండు.

“చూసినవా?”

“చూసిన.”

“గట్టిగున్నదా?”

“గట్టిగున్నది. ఎక్కు.”

“మళ్ల ఒట్టు పెట్టు.”

అంతయ్య వంగి తాడు మీద చెయ్యి పెట్టిండు.

“అక్క పుస్తెల మీద ఒట్టు బావా.”

హనుమంతు పానం కుదుటపడ్డది. ఉత్తగనే పరేషానైన అనుకుని, చేతులకు మట్టి రాసుకున్నడు.

“పైలం,” అన్నది చెవి కాడ ఐలవ్వ గొంతు. ఈసారి ఏడుస్తున్నట్టే ఉన్నది.

“ఏడ్వకే ఐలీ. రేపే వస్త. నీ కాళ్లు పట్టుకుంట,” అన్నడు పైకే. రెండు చేతుల తాడు పట్టుకుని అరుగు మీదికెల్లి కాళ్లు లేపిండు.

పైన అంతయ్య, పీకిన గడ్డపార పక్కన నిలబడి రుమాలు విప్పి, నాలుగొద్దుల కింద ఐలవ్వకు తలకొరివి పెట్టిననాడు గీయించుకున్న గుండు మీది చెమట తుడుచుకున్నడు.