రాయిలా పడే విమానం

ఎండిపోయిన చెరువు గట్టున తుమ్మచెట్టు మీద ఒక తల్లిగద్ద ఉండేది. చెరువులో రోజూ దిగే చిన్న విమానాన్ని చూస్తే దానికి బుర్ర తిరిగిపోయేది. హాయిగా పైకెళ్ళిన విమానం చక్రాలు వేలాడేసుకుని రాయిలా కిందికి పడేది. నేల దగ్గరికొచ్చాక ముక్కెత్తి మెత్తగా దిగేది.

గద్ద ఉండబట్టలేక అడిగేసింది. "ఏం తమ్ముడూ, ఎగరడం మర్చిపోయావా?"

"లేదక్కా. మా అన్న రోదసి నౌక, త్వరలో పైకెళ్ళి తిరిగొస్తాడు. దిగేటప్పుడు వాడికి ఇంజను పనిచెయ్యదు, రాయిలాగే పడతాడు. గురి తప్పితే మళ్ళీ పైకి లేవలేడు. వాణ్ణి నడిపే మనిషి నాలో కూర్చుని నేర్చుకుంటున్నాడు."

"ఎగరడం వచ్చినవాడివి, పడటం నేర్పుతావా?" గద్దకి అయోమయం ఇంకా పెరిగింది.

కొన్నాళ్ళకి రోదసి నుంచి వచ్చిన అన్న రాయిలా పడి, చివర్లో ముక్కెత్తి క్షేమంగా దిగాడు. జనమంతా వాడి చుట్టూ మూగారు. చిన్న విమానాన్ని పలకరించే దిక్కులేదు.

గద్ద గూటికి తిరిగొచ్చింది. ఇంకా రెక్కలు గట్టిపడని పిల్ల గూటి అంచున వణుకుతోంది. ఇవాళో రేపో దూకక తప్పదు, దూకితే రాయిలా పడక తప్పదు. గద్ద చిన్న విమానాన్ని తలచుకుని, రెక్కలు ముడిచి, కాళ్ళు వేలాడేసి పిల్ల కళ్ళముందే దబ్బున పడింది. నేల దగ్గర రెక్కలు విప్పి మెత్తగా వాలింది.

పిల్ల తెల్లబోయి చూసింది.

"అమ్మా, ఎగరడం మర్చిపోయావా?"