చెదరని గీత

"కెమెరా మీట కదలకుండా నొక్కిపట్టాలి నాన్నా. ముప్ఫై సెకన్లు. వేలు వణికిందంటే కెమెరా కదులుతుంది, వెలుగు గీతంతా చెదిరిపోతుంది."

"నాకే నేర్పుతున్నావా?" అన్నాడు తండ్రి. "నువ్వు పుట్టకముందు నుంచీ డార్క్‌రూమ్‌లో ఫిల్ములు కడిగినవాణ్ణి. వెళ్ళి నిలబడు."

మూతపడ్డ నాన్న స్టూడియోలో కూతురు దీపాలన్నీ ఆర్పేసింది. బయట అప్పటికే చీకటిపడింది. పరదాలు కూడా లాగేసరికి తన చెయ్యి తనకే కనిపించలేదు. చీకట్లో టార్చితో బొమ్మ గీసి ఫొటో తీద్దాం, సరదాగా ఉంటుంది అని నాన్నతో అన్నదే గానీ, అసలు సంగతి వేరు. ఇది ఆయన చేతులకు పరీక్ష.

సోమవారం నుంచి ఆమెకు కొత్త ఉద్యోగం. పొద్దున్న ఆరింటికే బయలుదేరాలి. భర్తది రాత్రి డ్యూటీ, తొమ్మిదికి గానీ ఇల్లు చేరడు. ఆరేళ్ళ పాపను కారులో బడికి దింపేదెవరు? "నేనున్నానుగా! కళ్ళు మూసుకుని దింపేసి వస్తాను" అని నాన్న గంతేసినంత పని చేశాడు. భర్త మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"మామయ్యగారి చేతులు వణుకుతున్నాయి. మొన్న కప్పులో పోయబోయి కాఫీ అంతా బల్ల మీద పోశారు. ఆ చేతులకు స్టీరింగ్ ఇస్తావా? వెనక సీట్లో ఉండేది మన పాప."

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. గిరాకీ లేక స్టూడియో మూసేశాక ఆయనను ఎవరూ ఏ పనీ అడగలేదు. వద్దంటే మనిషి కుంగిపోతాడు. సరేనంటే పాప ప్రాణంతో చెలగాటం. రెండు రోజులుగా ఆమెకు ముద్ద దిగలేదు.

"నొక్కాను. ఊ, కానీ!" అన్నాడు నాన్న.

ఆమె టార్చి వెలిగించి గాల్లో పాప ముద్దుపేరు రాసింది. ముప్ఫై సెకన్లు అయ్యాక దీపం వేసింది.

"ఏం వచ్చిందో చెప్పు" అన్నాడు నాన్న.

"నువ్వు చూడవా?"

"తప్పు నేను పట్టిస్తే నీకెప్పటికి పని వస్తుంది? నువ్వే చూసుకో."

చూసి పకపకా నవ్వింది. "అక్షరాలన్నీ తిరగబడ్డాయి నాన్నా!"

"తిరగబడక? కెమెరాకి ఎదురుగా నిలబడి రాశావు మరి. ఈసారి సున్నా చుట్టు. తిరగేసినా సున్నా సున్నాయే. లెక్కల పరీక్షల్లో నీకు అలవాటేగా!"

ఆమె ఆ వెక్కిరింత సగమే విన్నది. కెమెరా తెర మీద గీతను పెద్దది చేసి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. సన్నటి దారం పరిచినట్టుంది. ఎక్కడా చెదరలేదు. వేలు రవ్వంత కూడా వణకలేదు! గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

సంచీలోంచి కారు తాళాలు తీసి నాన్న అరచేతిలో పెట్టింది.

"సోమవారం నుంచి నీ మనవరాలు నీ పూచీ."

ఆయన తాళాలను వేళ్ళతో తడిమి గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే నాతో ఇంకా పనుందన్నమాట" అన్నాడు.

"లేకేం? పద, ఆ సున్నా ఏదో చుట్టేద్దాం."

మళ్ళీ దీపం ఆర్పి, గోడ పట్టుకుని నడిచి తన చోటికి చేరింది.

"నొక్కాను. ఊ!"

అప్పటిదాకా ఆపుకున్న కన్నీళ్ళు అప్పుడే పొంగుకొచ్చాయి. ఆమె ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఆ... అలాగే తిప్పు. నెమ్మదిగా" అన్నాడు నాన్న చీకట్లోంచి, హుషారుగా. "చెయ్యి ఇంకాస్త పైకి. భలే గుండ్రంగా వస్తోందే! ఆ వెలుగు చూడు, ఎంత ముచ్చటగా ఉందో!"

ఆమె చెయ్యి కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఆమె ఇంకా టార్చి వెలిగించనే లేదు.